కాల్ బుక్కు

కరెంటు పోతే గడప మీద కూసోనుంటి.
పక్కింటి తనూజ నోటుబుక్కు తెచ్చింది.
'తాతా, వేక్ అప్ అంటే ఏంది?'
లేచేది.
'మరి గెట్ అప్ అంటే?'
అదీ లేచేదే.
'రెండూ ఒకటే అయితే రెండెందుకు?'

నాకు ఇంగ్లీషు రాదు పాపా.
గుంతకల్లు లోకో షెడ్డులో కాల్ బాయ్‌ని నేను,
తల నెరిసినా బాయ్‌నే.
ముప్పై ఒక్క ఏండ్లు
ఊరు నిద్రపోతాంటే సైకిలెక్కి
డ్రైవర్ల తలుపులు కొట్టేది నా కొలువు.
అందుకని దీని సంగతి రవ్వంత తెలుసు. రాసుకో.

కన్ను తెరిచేది ఒకటి, కాలు కింద పెట్టేది ఇంకొకటి.
ఆరోగ్యస్వామి డ్రైవరు మొదటి పిలుపుకే 'ఆఁ' అంటాండె.
ఆ 'ఆఁ'ను నమ్మితే బళ్లారి గూడ్సు ఆడ్నే నిలబడిపోతాది.
తిమ్మారెడ్డి గార్డు ఉల్టా.
లేచి, నడిచొచ్చి, టార్చి వెలుతుర్లో
కాల్ బుక్కులో సంతకం గూడా పెట్టి,
అంతా నిద్రలోనే.
తెల్లారి అడిగితే 'నువ్వు రాన్యాలేదు లాలప్పా' అని ఒట్టేస్తాండె.
బుక్కు చూపిస్తే
ఎవరిదో పరాయి చేవ్రాలు చూసినట్ల చూస్తాండె.

'అప్' అంటే పైకి అంట, టీచరు చెప్పింది.
నాకు తెలిసిన అప్ పట్టాల మీదుంటాది.
అప్ లైను, డౌన్ లైను.
'అయితే వేక్ డౌన్ లేదా తాతా?'
ఉండాల. ఉంటే బాగుండు.
రాత్రి డూటీ చేసొచ్చి
ఎర్రటెండలో రేకుల కింద పొర్లాడేటోళ్లను అడుగు,
ఆ మాట వాళ్లకు కావాల.

మన మాట మాత్రం తక్కువదా?
లేపు అంటే లేపు.
దానికి 'ఎయ్' తగిలించి చూడు,
లేపేసినారంటే ఆ మనిషి ఇంకెప్పటికీ లేవడు.
ఇది నోటుబుక్కులో రాయొద్దు.

ఇంకో తమాషా చెప్పింది పాప:
ఆ రెండు మాటలూ విడిపోతాయంట,
లేపాల్సిన మనిషిని నడుమ నిలబెట్టుకోని.
వేక్. హిమ్. అప్.
అబ్బ, ఎంత సరిగ్గా చెప్పినారు!
నేను చూసిందంతా ఆ నడుమోడినే.
సగం తెరిచిన తలుపు, ఒక చేత పంచె ముడి,
కల కొస ఇంకా రెప్పకు అంటుకోనుంటాది,
వెనక చీకట్లో చంటిబిడ్డ ఏడుపు.
టార్చి ఆర్పి నిలబడుకుంటాంటి.
ఆ ఒక్క నిమిషం మనిషిని ఏమీ అనగూడదు.

ఇంకో అర్థం గూడా ఉండాదంట:
ఉన్నట్టుండి ఒక సంగతి తెలిసొచ్చేది.
అట్ల తెలిసొచ్చేదానికి
తలుపు ఎవరొచ్చి కొడతారో
పుస్తకంలో రాయలేదు.

సొంతంగా అయిదు వాక్యాలు కావాలంట.
గూడ్సుకు ఒకటి, గార్డుకు ఒకటి,
కోడికి ఒకటి, కసాపురం స్వామికి ఒకటి.
అయిదోది ఎంతకీ తట్టల్యా.

లోపల కుళ్లాయమ్మ దగ్గింది.

నాకు అలారం గడియారం ల్యాకుండె.
ఒంటిగంటకు ఆమె వేలు నా అరికాలికి తగులుతాండె, అంతే.
నేను ఊరిని లేపితే
ఆమె నన్ను లేపె,
పురిటి మంచంలో ఉన్నన్నాళ్లు గూడా గోడ మీద తట్టె.
ఆమెను ఎవరు లేపుతాండ్రో
ఇంతదనక నేను అడగల్యా.
ఆమె చేతిలో కాల్ బుక్కు లేదు గదా,
యాడా నేను సంతకం పెట్టల్యా.

రాసుకో పాపా, కుళ్లాయమ్మ వోక్ మీ అప్.
నడుమ ఉండేది నేనే.

కింద పెద్దోళ్ల సంతకం కావాలంట.
పెన్సిలు తీసుకోని పెట్టినా.
అలవాటు పోతాదా, పక్కన టైము గూడా వేసినా, 1.05.
'ఇప్పుడు ఆరున్నర కదా తాతా!' అని
పాప సంచిలో రబ్బరు వెతుకుతాంది.